బత్తాయి గుంతలు, ప్రభువు రాకడ

పోయిన నెల మా సంఘంలో యువకుల బైబిలు అధ్యయనం ముగిసిన తరువాత, ఈ ఏడాదే డిగ్రీ పూర్తిచేసిన ఒక అబ్బాయి చాపలు చుట్టడానికి నాతోపాటు ఆగి, కొంత బెరుకుగా ఒక ప్రశ్న అడిగాడు. "సార్, రాకడ ఇంత దగ్గర పడ్డంక ఇగ బి.ఎడ్. చేసి ఏం చేస్తం?" రాకడ అంటే యేసు ప్రభువు ఈ లోకానికి మళ్ళీ రావడం. అతని ఫోన్‌లో రోజూ వచ్చే ప్రసంగాల వీడియోలను నేనూ కొన్ని చూశాను. గ్రహణం వస్తే ఒక సూచన, ఇశ్రాయేలులో యుద్ధం వస్తే మరొక సూచన, కొత్త గుర్తింపు కార్డు వస్తే అది ప్రకటన గ్రంథంలోని 666 ముద్ర. అతడు బద్ధకంతో అడగలేదు. ప్రభువును నిజంగా ప్రేమించే పిల్లవాడు, నిజంగానే దిగులుపడి అడిగాడు. ఆ రాత్రి అతనికి సగం జవాబే చెప్పగలిగాను. మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే సరిగ్గా ఇదే ప్రశ్న 1999లో దేవరకొండ వైపున ఉన్న మా ఊళ్ళో, మా ఇంట్లోనే పుట్టింది.

ఆ ఏడాది ఎండాకాలం మా నాయన రెండెకరాలలో బత్తాయి పెట్టాలని నిశ్చయించుకొని, కూలీలతో రెండు వందల పైచిలుకు గుంతలు తవ్వించాడు. మా జిల్లాలో బత్తాయి పెట్టడమంటే ఏమిటో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. నాలుగైదేళ్ళు నీళ్ళు పోసి, ఎరువు వేసి, కాపు కోసం కనిపెట్టుకొని ఉండాలి. గుంతలు ఎండకు ఆరుతున్న రోజులలోనే పక్క మండలంలో మూడు రాత్రుల సువార్త కూటాలు జరిగాయి. దూరం నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు వేదిక వెనుక పెద్ద గుడ్డ పటం కట్టి, దాని మీద క్రీస్తుకు పూర్వం 4004లో సృష్టి అని రాసి, అక్కడి నుంచి తీర్పు దినం వరకు గీతలు గీసి, దేవునికి ఒక దినం వెయ్యేండ్లవంటిది కనుక ఆరు దినాల పని ఆరు వేల సంవత్సరాలతో ముగుస్తుందని, 2000వ సంవత్సరం దాటడం జరగదని రూఢిగా చెప్పాడు. మూడు రాత్రులూ నాయన ముందు వరుసలో కూర్చున్నాడు. ఇంటికి వచ్చిన తరువాత అంట్లకు ఇచ్చిన బయానా వదులుకున్నాడు. ఆ వానాకాలం గుంతలలో నీళ్ళు నిలిచాయి, మరుసటి ఏడాదికి వాటిలో తుమ్మ మొలకలు లేచాయి.

అప్పటికి మా నాయనమ్మ బతికే ఉంది. ఆమెకు చదువు రాదు. ఆరుగురు పిల్లలను కన్న ఆ మనిషి వాకిట్లో గోడకు ఆనుకొని కూర్చొని, ఆ తుమ్మ మొలకల సంగతి విని ఒకే మాట అన్నది. "దేవుడొస్తె రానియ్యిరా కొడుకా. చెట్టు ఆయన తొవ్వకు అడ్డమొస్తదా?" నాయన జవాబు చెప్పలేదు. నేను కూడా అప్పుడు ఆ మాటను ముసలితనపు మాటగానే విన్నాను. ఇరవై ఏళ్ళకు పైగా లేఖనాలు చదివి, చదివించిన తరువాత, ప్రవచనాన్ని గురించి నేను విన్న వ్యాఖ్యానాలలో అంత సరైనది మరొకటి లేదని ఇప్పుడు అనుకుంటున్నాను.

నా నమ్మకం ఇది. రెండవ రాకడను గురించిన ప్రవచనాలను ఎలా చదవాలో మనకు నేర్పేది మొదటి రాకడను గురించిన ప్రవచనాలు నెరవేరిన తీరే. దేవుడు తన మాటను ఎలా నెరవేరుస్తాడన్నది ఒకసారి మన కళ్ళ ముందు జరిగిపోయింది. ఆ తీరును పక్కన పెట్టి గుడ్డ పటాల దగ్గరికి పోవడం, చదివిన పాఠాన్ని మరిచి పరీక్ష రాయడం వంటిది.

మత్తయి సువార్త రెండవ అధ్యాయం చూడండి. జ్ఞానులు తూర్పు నుంచి వచ్చి యూదుల రాజు ఎక్కడ పుట్టాడని అడిగినప్పుడు, హేరోదు ప్రధానయాజకులనూ శాస్త్రులనూ పిలిపిస్తే వారు తడుముకోలేదు. బేత్లెహేములో అని వెంటనే చెప్పి, ఏడు వందల ఏండ్ల కిందటి మీకా ప్రవచనాన్ని అప్పజెప్పారు. జవాబు పూర్తిగా సరైనదే. కాని యెరూషలేము నుంచి బేత్లెహేము రెండు మూడు గంటల నడక, అంతే. అంత దూరం నుంచి వచ్చిన అన్యులు లేచి వెళ్ళారు, జవాబు చెప్పినవారిలో ఒక్కరు వెళ్ళినట్టు కూడా సువార్తలో లేదు. ప్రవచనం తెలియడానికీ, ప్రవచనానికి లోబడడానికీ మధ్య ఉన్న ఆ రెండు మూడు గంటల దూరం నన్ను ఎప్పుడూ భయపెడుతుంది.

ఇక నెరవేరిన తీరు. కన్యక గర్భవతియై కుమారుని కంటుందన్న యెషయా ఏడవ అధ్యాయపు మాటను ప్రతి ఏడాదీ క్రిస్మస్‌కు వింటాము, కాని ఆ అధ్యాయం మొత్తం చదివేవారు తక్కువ. దమస్కు రాజు రెజీను, ఇశ్రాయేలు రాజు పెకహు కలిసి యెరూషలేము మీదికి వస్తున్నప్పుడు, క్రీస్తుకు పూర్వం 735 ప్రాంతంలో, వణికిపోతున్న యూదా రాజు ఆహాజుకు ఇచ్చిన సూచన అది. ఆ పిల్లవాడికి మంచిచెడు తెలిసేలోపే ఆ ఇద్దరు రాజుల దేశం పాడవుతుందని కూడా అక్కడే ఉన్నది. దమస్కు 732లో అష్షూరీయుల చేతికి చిక్కింది. హెబ్రీలో ఉన్న ‘అల్మా’ అన్న మాటకు పెళ్ళీడు పడుచు అని అర్థమని యూదు పండితులు చెప్పేది నిజమే. దానిని క్రీస్తు పుట్టక ముందే గ్రీకులోకి అనువదించిన యూదులు కన్య అన్న అర్థమిచ్చే ‘పార్తెనోస్’ అన్న మాట వాడారన్నదీ నిజమే. మత్తయి ఆ గ్రీకు మాటను పట్టుకొని, ఆహాజు కాలంలో దేవుడు మనకు తోడని చెప్పిన సూచన, మరియ గర్భంలో అక్షరాలా నిండిపోయిందని చూశాడు. ప్రవచనానికి దగ్గరి అర్థం ఒకటి ఉండి, దానిలోనే దూరపు నిండుదనం ఒదిగి ఉండవచ్చునన్న సంగతిని క్రైస్తవులమైన మనం దాచుకోనక్కరలేదు. దానిని తెలియకుండా యూదులతోనో ముస్లింలతోనో వాదానికి దిగేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

యెషయా 53వ అధ్యాయం సంగతి మరీ లోతైనది. మన అతిక్రమాలను బట్టి గాయపరచబడిన ఆ సేవకుడు ఎవరు? పదకొండవ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ మొదలుకొని ఎందరో అది శ్రమలు పడిన ఇశ్రాయేలు జనాంగమని చదివారు. ముందరి అధ్యాయాలలో ఇశ్రాయేలునే సేవకుడని దేవుడు పిలిచాడు కనుక ఆ చదువుకు ఆధారం ఉన్నది. అయితే ఈ అధ్యాయంలో సేవకుడు ‘నా జనుల’ అతిక్రమం కోసం మొత్తబడ్డాడు, తాను ఏ పాపమూ చేయలేదు. జనం మొత్తం చేయలేని పనిని జనం కోసం ఒక్కడు చేశాడన్నది సంఘం మొదటినుంచీ చెప్పే మాట. క్రైస్తవులు తరువాత దిద్దుకున్నారేమో అన్న అనుమానానికి తావు లేదు. మృత సముద్రం దగ్గర గుహలో 1947లో దొరికిన యెషయా చుట్ట క్రీస్తుకు వందేండ్లకు పైగా ముందు రాసినది, ఈ అధ్యాయం అందులో ఉన్నది. అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయంలో ఐతియొపీయుడు రథంలో కూర్చొని అడిగింది కూడా ఈ ప్రశ్ననే. ప్రవక్త తనను గురించి చెబుతున్నాడా, మరొకరిని గురించా? అడిగేవాడు నిజాయితీగా అడిగాడు, ఫిలిప్పు ఆ లేఖనాన్నే అనుసరించి యేసును ప్రకటించాడు, తొవ్వలో నీళ్ళు కనబడ్డ చోట బాప్తిస్మం జరిగింది.

ఇంతా చూస్తే, సిలువ పడక ముందు ఈ వచనాలన్నిటినీ పేర్చి, ఇదిగో ఈ తేదీన ఇలా జరుగుతుందని లెక్క కట్టి చెప్పినవాడు సువార్తలలో ఒక్కడూ కనబడడు. శిష్యులకే అర్థం కాలేదు. ఎమ్మాయు తొవ్వలో ఇద్దరు శిష్యులు విచారంగా నడుస్తుంటే, తిరిగి లేచిన ప్రభువే పక్కన నడిచి, మోషే మొదలుకొని ప్రవక్తలందరి మాటలనూ విప్పి చెప్పవలసి వచ్చింది. సీమెయోను, అన్న వంటి ముసలివారు ఆయనను పసిబిడ్డగా గుర్తుపట్టారంటే, అది లెక్క చేతకాదు. దేవాలయంలో కనిపెట్టుకొని ఉండడం చేతనైంది. ప్రవచనం ముందుగా జరగబోయేవాటి పట్టిక కాదు. జరిగినప్పుడు గుర్తుపట్టడానికి, జరిగేదాకా నిలబడడానికి ఇచ్చిన మాట అది.

దీనికంతటికీ తాళంచెవి అని నేను అనుకునేది లూకా నాలుగవ అధ్యాయంలో ఉన్నది. నజరేతు సమాజమందిరంలో యేసుకు యెషయా చుట్ట ఇచ్చారు. ఆయన 61వ అధ్యాయం తీసి చదివాడు. బీదలకు సువార్త, చెరలో ఉన్నవారికి విడుదల, గుడ్డివారికి చూపు, ప్రభువు హితవత్సరము. అక్కడ చుట్ట చుట్టి పరిచారకునికి ఇచ్చి కూర్చున్నాడు. మన బైబిలులో ఆ యెషయా వచనాన్ని వేలుతో పట్టుకొని చూడండి. హితవత్సరము అన్న మాటతో వచనం ముగియదు. దాని వెంటనే ‘మన దేవుని ప్రతిదండన దినము’ అన్న మాట ఉన్నది. ఆయన వచనం మధ్యలో ఆగాడు. ఆగి, నేడు ఈ లేఖనం మీ వినికిడిలో నెరవేరిందన్నాడు. ప్రవక్త ఒకే ఊపిరిలో పలికిన రెండు సంగతుల మధ్య యేసు ఆగిన ఆ ఆగడంలో ఇప్పటికి రెండు వేల సంవత్సరాలు పట్టాయి. సంఘ కాలమంతా, మన ఊళ్ళకు సువార్త వచ్చిన కాలమంతా, ఆ వచనం మధ్యనే ఉన్నది.

నల్లగొండ పట్టణానికి రెండు పక్కలా లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట ఉన్నాయి. దూరం నుంచి ఒక వైపుగా చూసేవారికి రెండు గుట్టలు ఒకటి ఆనుకొని ఒకటి ఉన్నట్టు అనిపించవచ్చు, దగ్గరికి వచ్చాకనే మధ్యలో ఊరంతా పరచుకొని ఉన్నదని తెలుస్తుంది. ప్రవక్తలు రెండు రాకడలను అలా దూరం నుంచి చూశారని పాస్టర్లు ఎక్కడైనా చెప్పే పోలికనే నేను మా పిల్లలకు మా గుట్టలతో చెబుతాను. జెకర్యా గాడిద మీద వచ్చే సాత్వికుడైన రాజును చూపి, ఆ మరు వచనంలోనే సముద్రం నుంచి సముద్రం వరకు ఆయన ఏలుబడిని చూపాడు. మొదటిది మట్టల ఆదివారం నెరవేరింది. రెండవదానికి ఎదురుచూస్తున్నాము. మధ్యలో మనం కాపురమున్న ఊరు ఉన్నది.

ఆ ఎదురుచూపు మా ఇంట్లో ఎలా ఉండేదో చెప్పాలి. మా నాయనమ్మ నడుము ముందుకు వంగిపోయి, మోకాళ్ళు దొడ్డికాళ్ళయి, చివరి పన్నెండేండ్లు కర్ర లేకుండా అడుగు వేయలేదు. వయసు వల్ల కాదు, నీళ్ళ వల్ల. మా వైపు మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ఊళ్ళలో బోరింగు నీళ్ళలోని ఫ్లోరైడు తరాల తరబడి ఎముకలను వంచింది. మా క్లాసులో నవ్వితే పసుపు గారలు కనబడని పిల్లలు తక్కువగా ఉండేవారు. బతకడానికి తాగే నీళ్ళే మనిషిని వంచిన చోట, ఒక ఆదివారం సాయంత్రం నేను ఆమెకు యెషయా 35వ అధ్యాయం చదివి వినిపించాను. కుంటివాడు దుప్పివలె గంతులు వేస్తాడని, అరణ్యంలో నీళ్ళు ఉబుకుతాయని చదివినప్పుడు, ఆమె తన మోకాళ్ళ మీద రెండు అరచేతులూ పెట్టుకొని, ఆ నీళ్ళ వచనాన్ని మళ్ళీ చదువమన్నది. మళ్ళీ చదివాను. మూడోసారీ చదివించుకున్నది. బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాలలో సందేహపడి, రావలసినవాడవు నీవేనా అని అడిగించినప్పుడు, యేసు ఈ అధ్యాయపు మాటలతోనే జవాబు పంపాడు. గుడ్డివారు చూస్తున్నారు, కుంటివారు నడుస్తున్నారు అని. యోహానుకు మాత్రం చెరసాల తలుపు తెరుచుకోలేదు. నాయనమ్మ నడుమూ నిలబడలేదు. ప్రారంభమైంది, పూర్తి కాలేదు అని పండితులు చెప్పే మాటను నేను ఆ వాకిట్లో కళ్ళారా చూశాను. అంత్యదినాల బోధ అంటే నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఆ అరచేతులు.

అభిషిక్తుడు వచ్చేదాకా కాలం ఎంతో దానియేలు గ్రంథం చెప్పే డెబ్బది వారముల సంగతిని కొంచెంలో ముగిస్తాను, ఎందుకంటే లెక్కల మీద మన ఊళ్ళలో ఇప్పటికే చాలా రాత్రులు గడిచాయి. అరవై తొమ్మిది వారాలను దినానికొక సంవత్సరంగా తీసుకుంటే 483 ఏండ్లు, ఏడాదికి 360 దినాల చొప్పున 1,73,880 దినాలు. యెరూషలేమును తిరిగి కట్టమన్న పారసీక రాజు అర్తహషస్త ఆజ్ఞ నుంచి యేసు యెరూషలేములోకి ప్రవేశించిన దినం దాకా అవి సరిపోతాయని పంతొమ్మిదవ శతాబ్దం చివర సర్ రాబర్ట్ ఆండర్సన్ లెక్క కట్టి చూపాడు. అయితే ఆజ్ఞ ఏది? అంతకు ముందరి రాజు కోరెషు ఆజ్ఞ నుంచి లెక్కిస్తే ఒక జవాబు, అర్తహషస్త ఏడవ ఏట ఇచ్చినదాని నుంచి మరొకటి, ఇరవయ్యవ ఏట ఇచ్చినదాని నుంచి ఇంకొకటి. అభిషిక్తుడు నిర్మూలం చేయబడతాడని, తరువాత పట్టణమూ పరిశుద్ధ స్థలమూ నాశనమవుతాయని దానియేలు చెప్పిన క్రమం నాకు చాలు. సిలువ తరువాత, 70లో రోమీయుల చేతిలో యెరూషలేము కూలిన క్రమం అదే.

మన సంఘ చరిత్ర తెలిసినవారు తేదీల పక్కకు పోకూడదు. నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, జడ్చర్ల వైపు ఎం.బి. చర్చిలన్నీ మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీల పనివల్ల పుట్టినవి. ఆ పేరులోని మెన్నో సైమన్స్ పదహారవ శతాబ్దంలో నెదర్లాండ్స్ ఉత్తరాన ఒక క్యాథలిక్ గురువు. అతని రోజులలోనే జర్మనీలోని మ్యూన్‌స్టర్ పట్టణాన్ని, పెద్దయ్యాకే బాప్తిస్మం తీసుకోవాలనే అనాబాప్టిస్టులలో కొందరు కొత్త యెరూషలేమని ప్రకటించి, కత్తి పట్టారు. యాన్ మత్తీస్ అనేవాడు 1534 ఈస్టరు నాడు తీర్పు దిగుతుందన్నాడు. ఆ ఈస్టరు నాడే పిడికెడు మందితో శత్రువు మీదికి వెళ్ళి హతమయ్యాడు. మరుసటి ఏడాది పట్టణం కూలింది, అమాయకులెందరో చనిపోయారు. దానిని ఖండించిన మెన్నో 1536లో తన పదవి వదిలి, చెదిరిపోయిన ఆ మందను శాంతి తొవ్వకు నడిపించాడు. వేయబడిన పునాది క్రీస్తే, మరొకటి వేయలేరు అన్న కొరింథీయుల వచనాన్ని తన ప్రతి రచన మీద రాసుకున్నాడు.

ఆ పాఠం కూడా మూడు వందల యాభై ఏండ్లకు మరుగున పడింది. రష్యాలో స్థిరపడిన మెన్నొనైట్లలో క్లాస్ ఎప్ అనే ఆయన దానియేలు, ప్రకటన గ్రంథాలను లెక్క కట్టి, ఆశ్రయ స్థలం తూర్పున ఉన్నదని కుటుంబాలను బండ్ల మీద మధ్య ఆసియాకు నడిపించాడు. 1880లో మొదలైన ఆ ప్రయాణంలో పసిపిల్లలు, పెద్దలు దారిలోనే సమాధి అయ్యారు. చివరికి ఖీవా రాజ్యంలో నిలిచి, 1889 మార్చి 8న ప్రభువు వస్తాడని కనిపెట్టారు. రాలేదు. తేదీ 1891కి మారింది. అప్పుడూ రాలేదు. సరిగ్గా ఆ 1889లోనే, అదే రష్యా మెన్నొనైట్లలోనుంచి అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియ ఇండియాకు బయలుదేరారు. 1890లో నల్లగొండ చేరి పని మొదలుపెట్టారు. ఒకే జనం, ఒకే బైబిలు, ప్రభువు వస్తాడన్న ఒకే నమ్మకం. ఒకరు తేదీ దగ్గర కూర్చున్నారు. మరొకరు మా భాష నేర్చుకొని మా తాతల గుడిసెల ముందు నిలబడ్డారు. కాలములూ సమయములూ తెలుసుకోవడం మీ పని కాదు, భూదిగంతముల వరకు నాకు సాక్షులై ఉంటారు అని ప్రభువు ఆరోహణమయ్యే ముందు చెప్పిన మాటలో మొదటి సగం వినని వారెవరో, రెండవ సగానికి లోబడిన వారెవరో ఈ రెండు ప్రయాణాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

లోకాంతంలో వచ్చే మహాశ్రమల కాలానికి ముందే సంఘం ప్రభువు దగ్గరికి ఎత్తబడుతుందా, తరువాతనా అని నన్ను అడుగుతుంటారు. ముందే అన్న బోధకు గట్టి రూపం ఇచ్చింది 1830ల నాటి జాన్ నెల్సన్ డార్బీ అనీ, 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు అడుగు వివరణలతో అది ఇంటింటికీ చేరిందనీ వారికి చెబుతాను. దానిని నమ్మే దైవజనులు ఎందరో ఉన్నారు, వారిని నేను గౌరవిస్తాను. నేను మాత్రం ప్రభువు అందరికీ కనబడేలా వస్తాడన్నంత వరకే గట్టిగా పట్టుకుంటాను. అసలు ‘ఎత్తబడుట’ మాట ఉన్న మొదటి థెస్సలొనీకయుల పత్రిక నాలుగవ అధ్యాయం పటం గీయడానికి రాసినది కాదు. తమవారిని సమాధి చేసి ఏడుస్తున్న మనుషులకు, నిద్రించినవారు వెనుకబడిపోరు అని చెప్పడానికి రాసినది. ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోండి అని పౌలు ముగించాడు. ఈస్టరు తెల్లవారుజామున మా సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించి దానినే చదువుతాము. ఆ చీకటిలో, నాయనమ్మ సమాధి పక్కన నిలబడి వినేటప్పుడు, ముందా తరువాతా అన్న ప్రశ్న నాకు ఎన్నడూ గుర్తుకు రాలేదు. అదే థెస్సలొనీకలో, ప్రభువు దినం వచ్చేసిందన్న మాట విని కలవరపడిన విశ్వాసులకు రాసిన రెండవ పత్రికలోనే, పని చేయకుండా తిరిగేవారిని పౌలు గద్దించాడు. నెమ్మదిగా పని చేసుకొని సొంత ఆహారం తినండి అన్నాడు.

ఆ అబ్బాయికి ఆ రాత్రి నేను చెప్పలేకపోయిన లేఖనం యిర్మీయా 32వ అధ్యాయం. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉన్నది. పట్టణం పడిపోతుందని చెప్పిన ప్రవక్త యిర్మీయానే, అందుకు అతడు చెరసాల ఆవరణంలో ఉన్నాడు. అప్పుడు అనాతోతులో తన బంధువు పొలాన్ని కొనమని దేవుడు చెప్పాడు. యిర్మీయా పదిహేడు తులముల వెండి తూచి ఇచ్చి, సాక్షులను పెట్టి, క్రయపత్రం రాసి ముద్రవేయించి, చాలా దినాలు ఉండేలా మంటికుండలో దాచిపెట్టించాడు. ఇండ్లూ పొలాలూ ద్రాక్షతోటలూ ఈ దేశంలో మళ్ళీ కొనబడతాయని దేవుడు సెలవిచ్చాడు. అంతం దగ్గరపడిందని అందరికంటే బాగా తెలిసిన మనిషి చేసిన పని, భూమి రిజిస్ట్రేషన్.

మొన్న ఆదివారం ఆ అబ్బాయి ఇంటికి వస్తే, పాత పెట్టెలోనుంచి మా నాయన లెక్కల పుస్తకం తీసి చూపించాను. పొడవాటి పుస్తకం, అట్ట చెదలు తిన్నది. ఒక పేజీలో పత్తి మందు బాకీ, కూలీల లెక్క. మరొక పేజీ నిండా సన్నటి అక్షరాలతో 483ను 360తో గుణించిన లెక్క, పక్కన 4004, 6000, 2000 అంకెలు, వాటి చుట్టూ రెండుసార్లు గీసిన గీత. ఆ తరువాత మూడు ఖాళీ పేజీలు. వాటి తరువాతి పేజీలో, 2001 జులై కింద, అదే చేతిరాతతో, "బత్తాయి అంట్లు 216. తుమ్మలు పీకిన కూలి ఇద్దరికి. అమ్మ చేత మొదటి మొక్క పెట్టించిన" అని ఉన్నది.